కన్సోల్ కంపెనీ చెక్కు ఎవరికి రాస్తుంది? చిన్న గేమ్ స్టూడియో ఏ తలుపు తట్టాలి?

ఏడో స్లయిడ్ దగ్గర ఆగిపోయింది ఆ మీటింగ్.

హైదరాబాద్‌లో ఒక గేమింగ్ సదస్సు. పక్క హాల్లో పొడుగు బల్లలు, ఒక్కో స్టూడియోకి అరగంట. మా మిత్రుడి స్టూడియోలో ఆరుగురు. డబ్బు అడగడానికి చూపించే స్లయిడ్ల డెక్ తయారీలో నేనూ ఓ చెయ్యి వేశాను కాబట్టి పక్కన కూర్చున్నాను. అవతల ఒక కన్సోల్ కంపెనీ తరఫున గేములు చూసే ఆవిడ. గేమ్ బిల్డ్ (ఇప్పటిదాకా తయారైన రూపం) నాలుగు నిమిషాలు ఆడారు. ఒకసారి చచ్చారు, నవ్వారు, అడక్కుండానే మళ్లీ మొదలుపెట్టారు. మాకు గాల్లో తేలుతున్నట్టుంది. తర్వాత డెక్ తెరిచాం. ఏడో స్లయిడ్‌లో మావాడు పెద్దక్షరాలతో రాసుకున్నాడు: "పీఎస్5, ఎక్స్‌బాక్స్, స్విచ్, పీసీ - అన్నిట్లోనూ ఒకే రోజు". ఆవిడ అది చదివి మర్యాదగానే అడిగారు: "అంటే మేం డబ్బు ఇవ్వకపోయినా మా దాంట్లోకి వస్తారుగా?"

మావాడి దగ్గర జవాబు లేదు. రెండు వారాలకు మెయిల్ వచ్చింది. గేమ్ బాగుంది, ప్రస్తుతం మాకు కుదరదు, విడుదలప్పుడు తప్పకుండా చెప్పండి అని.

ఆ ప్రశ్న అప్పట్లో ఎత్తిపొడుపులా వినిపించింది. నిజానికి ఆ అరగంటలో మాకు దొరికిన ఉచిత సలహా అదొక్కటే. చిన్న స్టూడియోలు కన్సోల్ కంపెనీ దగ్గరికి పరీక్ష రాయడానికి వెళ్తున్నట్టు వెళ్తాయి, "మా గేమ్ బాగుందా, లేదా" అని. అక్కడ జరిగేది బేరం.

వాళ్లు కొనేది ఏమిటి

కన్సోల్ స్టోర్‌లో అమ్ముడయ్యే ప్రతి కాపీ మీద కంపెనీ వాటా సాధారణంగా 30 శాతం. మీ డబ్బుతో మీరే గేమ్ చేసి, మీరే టెస్టింగ్ చేయించుకుని, మీరే ప్రచారం చేసుకుని స్టోర్‌లో పెడితే, వాళ్లు పైసా పెట్టకుండానే ఆ 30 శాతం వస్తుంది. మరి చెక్కు ఎందుకు రాయాలి? రాయకపోతే దొరకనిది ఏదో మీ దగ్గర ఉండాలి. నేను చూసినంతలో అలాంటివి నాలుగే. మిగతా కన్సోళ్లకంటే ముందు కొన్ని నెలలు తమ దగ్గరే ఉండటం. విడుదల రోజే తమ సబ్‌స్క్రిప్షన్‌లో చేరడం. తమ హార్డ్‌వేర్‌లోని కొత్తదనాన్ని ఇంకెవరూ చూపించని తీరులో చూపించడం. తమకు పట్టులేని దేశంలోనో, ఆటగాళ్ల వర్గంలోనో అడుగు పెట్టే వీలు.

మన సినిమా వ్యాపారం కాస్త తెలిసినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఏరియా హక్కులను మినిమం గ్యారంటీ మీద తీసుకునే బయ్యర్, సినిమా గొప్పగా ఉందని మాత్రమే తీసుకోడు. ఆ వారం తన థియేటర్లకు బొమ్మ కావాలి, పక్కవాడికి పోకూడదు, అందుకు తీసుకుంటాడు. సోనీ కొన్నేళ్లపాటు నడిపిన 'పబ్ ఫండ్' అచ్చంగా మన మినిమం గ్యారంటీ పద్ధతే. గేమ్ తయారీ ఖర్చుకు సమానమైన రాయల్టీకి ముందే హామీ ఇచ్చేవాళ్లు. బదులుగా కొంతకాలం గేమ్ ప్లేస్టేషన్‌లోనే ఉండాలి, ఐపీ (గేమ్ మీద యాజమాన్య హక్కు) మాత్రం స్టూడియోదే. 2011లో, వచ్చే మూడేళ్లలో దీనికి 2 కోట్ల డాలర్లు పెడతామని సోనీ ప్రకటించింది. 'పాపో అండ్ యో', 'గ్వాకమెలీ' ఆ దారిన వచ్చినవే. ఇక మైక్రోసాఫ్ట్ సబ్‌స్క్రిప్షన్ సేవ గేమ్ పాస్ సంగతంటే, అది ఓటీటీ డీల్.

కాబట్టి కంపెనీలను పోల్చే ముందు, మీకు కావాల్సింది ఏ రకం సాయమో తేల్చుకోండి. ఒకటి, గేమ్ పూర్తవడానికి నెలనెలా జీతాలకు కావాల్సిన తయారీ డబ్బు. రెండు, గేమ్ దాదాపు పూర్తయ్యాక ప్రత్యేక హక్కులకో సబ్‌స్క్రిప్షన్‌కో వచ్చే హామీ డబ్బు. మూడు, డబ్బే కాని సాయం: డెవ్‌కిట్లు (గేమ్ తయారీకి వాడే ప్రత్యేక కన్సోళ్లు), స్టోర్ మొదటి పేజీలో చోటు, షోకేస్ వీడియోలో ముప్ఫై సెకన్లు. మొదటిది దొరకడం చాలా కష్టం. మూడోది అడగాలే కానీ దొరుకుతుంది. కానీ మనవాళ్లు నేరుగా మొదటిది అడిగి, కాదనిపించుకుని, మూడోది అడగడం మర్చిపోయి ఇంటికొచ్చేస్తారు.

సోనీ

ఇప్పుడు మన దేశంలోని చిన్న స్టూడియోకి తయారీ దశలోనే తెరిచి ఉన్న కన్సోల్ తలుపు అంటే ముందుగా చెప్పాల్సింది సోనీదే. చైనాలో అంతకుముందు నడిపిన పథకం నమూనాలో 2023లో ఇండియా హీరో ప్రాజెక్ట్ ప్రకటించింది. ఎంపికైనవాళ్లకు నిధులు, నిపుణుల సలహా, ప్లేస్టేషన్‌లో విడుదలకు సాయం. 'ముక్తి', 'ఫిష్‌బౌల్', 'లోకో' అలా వెలుగులోకి వచ్చిన పేర్లు. ఒకటి మ్యూజియంలో నడిచే కథ, ఒకటి ఒంటరితనం గురించి, ఇంకొకటి రంగురంగుల ప్లాట్‌ఫార్మర్. మూడింటికీ పోలిక లేదు, గమనించండి. భారతీయ గేమ్ అంటే గద, విల్లు, అసురుడు ఉండి తీరాలని ఎవరూ అడగడం లేదు. పురాణం మీద గేమ్ చేయొద్దనడం లేదు నేను. హైదరాబాద్‌కు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 'అసుర'ను 2017లో పీసీ మీద తెచ్చి మంచి పేరే తెచ్చుకుంది. పురాణం ఉంటే చాలు, పిచ్ నిలబడుతుందన్న భ్రమ మాత్రం వద్దు.

సోనీ డబ్బుతో వచ్చే చిక్కు ఏమిటో 'జర్నీ' చేసిన థట్‌గేమ్‌కంపెనీని చూస్తే తెలుస్తుంది. మూడు గేముల ఒప్పందం: 'ఫ్లో', 'ఫ్లవర్', 2012లో 'జర్నీ'. మూడోది అనుకున్న గడువు దాటిపోయింది. గేమ్ పూర్తయ్యే సరికి స్టూడియో దివాలా స్థితికి చేరింది. అవార్డులు కుప్పలుగా వచ్చాయి, జట్టులో చాలామంది వెళ్లిపోయారు. ప్లాట్‌ఫామ్ (అంటే కన్సోల్ కంపెనీ) డబ్బు మైల్‌స్టోన్ల లెక్కన, ఒక్కో దశ పూర్తయ్యాక వస్తుంది. మీ ఆలస్యానికి అదనపు జీతం ఎవరిస్తారన్నది ఒప్పందంలో రాసి ఉండదు, రాయించుకోవాలి.

డబ్బు వద్దని వేరేది అడిగినవాళ్లూ ఉన్నారు. హెలో గేమ్స్ స్టూడియో 2013 క్రిస్మస్ ముందురోజు వరదలో మునిగిపోయింది. ఆ దశలో సోనీ సాయం చేస్తానంటే, తయారీ డబ్బు కన్నా 2014లో ఈ3 అనే పెద్ద గేమ్ ప్రదర్శన వేదిక మీద చోటు అడిగి తీసుకున్నారు. 'నో మ్యాన్స్ స్కై' పేరు ప్రపంచమంతా పాకింది అలాగే. 2016లో విడుదలైనప్పుడు ఆ అంచనాల బరువే నెత్తిన పడింది కూడా.

స్టోర్‌లో కనిపించడం గురించి మాత్రం సోనీ మీద చిన్న పబ్లిషర్ల (గేములకు డబ్బు పెట్టి విడుదల చేసే సంస్థల) ఫిర్యాదు పాతది. ప్రముఖ చోటు కావాలంటే కనీసం 25,000 డాలర్లు చెల్లించాల్సి ఉంటుందని 2021లో వార్తలొచ్చాయి. అందుకే ఒప్పందంలోనే "విడుదల వారంలో ఫలానా చోట" అని రాయించుకోగలిగితే, దాన్ని నగదుతో సమానంగా లెక్కేసుకోండి.

మైక్రోసాఫ్ట్

2013 ఆగస్టులో చిన్న స్టూడియోలు సొంతంగా విడుదల చేసుకునే ఐడీ@ఎక్స్‌బాక్స్ కార్యక్రమం వచ్చేదాకా ఎక్స్‌బాక్స్‌లో పబ్లిషర్ తోడు లేకుండా అడుగుపెట్టడం చిన్నవాళ్లకు తలకు మించిన పని. విడుదలైన గేమ్‌ను సరిదిద్దే ప్యాచ్ వేయడానికీ ఫీజు ఉండేది. 2012లో 'ఫెజ్' గేమ్‌లో సేవ్ ఫైళ్లను పాడుచేసే ప్యాచ్‌ను సరిదిద్దాలంటే మళ్లీ వేల డాలర్లు కట్టాలని, అంత ఇచ్చుకోలేమని ఆ స్టూడియో చేతులెత్తేసిన కథ అప్పటి వాళ్లందరికీ గుర్తే. మరుసటి ఏడాది ఆ ఫీజు తీసేశారు. కొత్త కార్యక్రమంలో చేరినవాళ్లకు రెండు డెవ్‌కిట్లు ఉచితమన్నారు. కానీ వెంట ఒక షరతు: వేరే కన్సోల్‌లో ఎప్పుడొస్తే మా దాంట్లోనూ అప్పుడే రావాలి. ఇద్దరు ప్రోగ్రామర్లు ఉన్న స్టూడియో ఒకేసారి రెండు పోర్టులు (ఒక్కో కన్సోల్‌కి తగ్గట్టు మార్చిన రూపాలు) ఎలా చేస్తుంది? గొడవ ముదిరాక ఆ పట్టు సడలింది.

ఈరోజు మైక్రోసాఫ్ట్‌కి మీరు ప్రధానంగా అమ్మగలిగింది మీ గేమ్‌ను గేమ్ పాస్‌లో పెట్టుకునే హక్కు. 2017 జూన్‌లో మొదలైన ఈ సేవ చాలా చిన్న స్టూడియోల జీతాలు గట్టెక్కించింది. విడుదలకు ముందే చేతికొచ్చే డబ్బు, అమ్మకాలతో పని లేదు. నష్టం వైపు చూస్తే, సబ్‌స్క్రిప్షన్‌లో ఉన్న గేమ్‌ను ఎక్స్‌బాక్స్ వాళ్లు విడిగా కొనడం తగ్గుతుంది. పైగా 2023 నుంచి ఈ డీల్స్ ఇదివరకటంత ధారాళంగా దొరకడం లేదని పబ్లిషర్లు బాహాటంగానే చెబుతున్నారు. కాబట్టి "చివర్లో గేమ్ పాస్ వాళ్లు ఎలాగూ తీసుకుంటారు" అని బడ్జెట్‌లో ఒక వరుస రాసుకుని ఉంటే, ఇప్పుడే కొట్టేయండి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

వాళ్ల అంచనాలు ఎంత తప్పగలవో చూపించే కాగితం ఒకటి కోర్టు పత్రాలతో పాటు 2023లో బయటపడింది. గేమ్ పాస్‌కి ఏ గేమ్ తేవడానికి ఎంత అవుతుందో వేసుకున్న లోపలి అంచనా అది. అందులో 'బాల్డర్స్ గేట్ 3'కి 50 లక్షల డాలర్లు వేసి, గూగుల్ గేమ్ సేవ స్టేడియా నుంచి రెండో విడతగా వచ్చే పీసీ ఆర్పీజీ (పాత్రలో ఒదిగి ఆడే గేమ్) అన్న తీరులో ఒక ముక్క రాశారు. ఆ ఏడాది చివర ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్ అదే. దాన్ని చేసిన లారియన్ చిన్న స్టూడియో కాదనుకోండి. కానీ అంత పెద్దవాళ్ల గేమ్‌నే అలా చూసినవాళ్లు మీ గేమ్‌కి తక్కువ అంకె చెబితే, అది గేమ్ మీద తీర్పు అనుకుని కుంగిపోనక్కర్లేదు.

నింటెండో

నింటెండో బయటి చిన్న స్టూడియోకి తయారీ డబ్బు పెట్టడం అరుదు. పెట్టినప్పుడు కారణం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 2017 మార్చి 3న స్విచ్‌తో పాటే వచ్చిన 'స్నిప్పర్‌క్లిప్స్' చూడండి. బ్రిటన్‌లో ఇద్దరు అన్నదమ్ముల ఎస్ఎఫ్‌బీ గేమ్స్ చేసిన కాగితపు బొమ్మల పజిల్. స్విచ్ నుంచి విడదీసే చిన్న కంట్రోలర్ జాయ్-కాన్‌ను ఒక్కొక్కటి ఒక్కొక్కరి చేతికిచ్చి, ఒకే స్క్రీన్ ముందు ఇద్దరూ తగువులాడుకుంటూ ఆడటం. స్విచ్ అంటే ఏమిటో చెప్పడానికి నింటెండోకి అంతకంటే మంచి ప్రకటన దొరకదు. 2019లో వచ్చిన 'కేడెన్స్ ఆఫ్ హైరూల్' ఇంకో తీరు. వ్యాంకూవర్‌లోని బ్రేస్ యువర్‌సెల్ఫ్ గేమ్స్ తమ పాత గేమ్‌కి జెల్డా పాత్రలతో చిన్న అదనపు భాగం చేసుకుంటామని అడిగితే, అది పూర్తి గేమ్‌గా మారింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. వాళ్లు అడిగింది చిన్నది, వచ్చింది పెద్దది.

తిరస్కరణల్లోనూ నింటెండోకి తనదైన చరిత్ర ఉంది. 'ద బైండింగ్ ఆఫ్ ఐజాక్'ను 2012లో మతపరమైన అంశాల కారణంగా తన చేతి కన్సోల్ 3డీఎస్‌లోకి రానివ్వలేదు. మూడేళ్లకు దాని కొత్త రూపాన్ని 3డీఎస్ కొత్త మోడల్‌లోకి రానిచ్చింది. గేమ్ స్వభావం మారలేదు, కంపెనీ మారింది. 2013 వరకూ ఇంటి నుంచి పనిచేసే డెవలపర్లకు అసలు ప్రవేశమే కష్టం, విడిగా ఆఫీసు ఉండాలనేవాళ్లు.

మొత్తానికి డబ్బు కోసం నింటెండో దగ్గరికి వెళ్లకండి. చోటు కోసం వెళ్లండి. పుణె స్టూడియో నోడింగ్ హెడ్స్ 'రాజీ' కథ మన పక్కింటి కథే. 2017లో కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో జనం దగ్గర డబ్బు పోగుచేసే ప్రయత్నం విఫలమైంది. తర్వాత సూపర్.కామ్ అనే పబ్లిషర్ దొరికాడు. 2020 ఆగస్టు 18న నింటెండో ఇండీ వరల్డ్ ప్రసారంలో చూపించిన రోజే స్విచ్‌లో విడుదలైంది, మిగతా కన్సోళ్లకు అక్టోబరులో వెళ్లింది. ఆ రెండు నెలల ముందంజ, ఆ ఒక్క ప్రసారం తెచ్చిన పేరు డబ్బు పెట్టి కొనుక్కునేది కాదు.

పబ్లిషర్, లేదా ఎవరూ వద్దు

పబ్లిషర్‌కి మీరు ఎన్ని చోట్ల అమ్మితే అంత లాభం. అందుకే మా ఏడో స్లయిడ్ పబ్లిషర్ ముందు పెట్టి ఉంటే అదే మెప్పు పొందేది. పిచ్ ఒకటే, వినేవాడు మారితే బలం బలహీనత అవుతుంది. తయారీ డబ్బు కావాల్సిన ఆరుగురు, పదిమంది జట్టుకి నా మొదటి ఓటు పబ్లిషర్‌కే. వాటా ఎక్కువ పోతుంది, నిజమే. తన ఖర్చు మొత్తం రాబట్టుకునేదాకా మీకు రూపాయి రాని ఒప్పందాలూ ఉన్నాయి. "ఖర్చు" అన్న మాటలో ప్రచారం, పోర్టింగ్, విమాన టిక్కెట్లు కూడా చేరుతున్నాయేమో చూసుకోండి, ఆ ఖర్చుకు గరిష్ఠ పరిమితి అడగండి.

ఎవరి డబ్బూ లేకుండా పీసీలో ముందు రావడం మూడో దారి. పీసీ గేముల స్టోర్ స్టీమ్‌లో ఒక గేమ్‌కి 100 డాలర్ల ఫీజు, ఏ కన్సోల్ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. అక్కడ పోగైన విష్‌లిస్టుల (ఈ గేమ్ వస్తే కొంటామని గుర్తు పెట్టుకున్నవాళ్ల) అంకెతో కన్సోల్ కంపెనీ దగ్గరికి వెళ్తే బల్ల అవతలి మనిషి కూర్చునే తీరే మారుతుంది. సొంత డబ్బంటే ఎంతదాకా వెళ్తుందో కూడా తెలిసి దిగండి. 'కప్‌హెడ్' చేసిన అన్నదమ్ములు ఈ3లో వచ్చిన స్పందన చూసి గేమ్‌ను పెంచుకుంటూ పోయి, ఇళ్లు మళ్లీ తాకట్టు పెట్టారు. 2017లో గేమ్ గెలిచింది కాబట్టి ఆ కథ మనకు తెలుసు.

కాదన్నప్పుడు ఏమన్నట్టు

తిరస్కరణ మెయిల్‌లో అసలు కారణం ఉండదు. చాలాసార్లు చెప్పే వీల్లేదు. మీలాంటి గేమే ఇంకోటి వాళ్ల దగ్గర రహస్యంగా తయారవుతూ ఉంటుంది, ఆ సంగతి చెబితే వాళ్లు చేసుకున్న గోప్యతా ఒప్పందం (ఎన్‌డీఏ) విరిగిపోతుంది. లేదా మీ గేమ్‌ను లోపల మోస్తున్న మనిషి ఉద్యోగం మారిపోతాడు. డోంట్‌నాడ్ చేసిన 'రిమెంబర్ మీ' మొదట సోనీ డబ్బుతో మొదలైంది. 2011లో సోనీ తప్పుకుంటే క్యాప్‌కామ్ ఎత్తుకుని 2013లో విడుదల చేసింది. ఇక 'డీమన్స్ సోల్స్' ఆడి చూసిన అప్పటి సోనీ గేమ్ స్టూడియోల అధిపతి షుహేయ్ యోషిడా, అది పనికిరాని గేమ్ అనుకున్నానని తర్వాత తనే ఒప్పుకున్నాడు. అమెరికా, యూరప్‌లలో దాన్ని వేరేవాళ్లు విడుదల చేసుకున్నారు. ఆ తప్పు ఖరీదేమిటో తర్వాతి పదేళ్లలో అందరూ చూశారు.

మన వైపు నుంచి జరిగే తప్పుల్లో నాకు ఎక్కువగా కనిపించేది ఒకటుంది: తక్కువ అడగడం. రూపాయిల్లో బతుకుతున్నాం కదా అని, పద్దెనిమిది నెలల పనికి 40,000 డాలర్లు చాలంటాం. అవతలివాళ్లకు అది పొదుపులా కనిపించదు. లెక్క రానివాళ్లలా కనిపిస్తాం, మధ్యలో మళ్లీ చెయ్యి చాస్తామని భయపడతారు. ఆరుగురు, 18 నెలలు, మనిషికి నెలకు సగటున 1.2 లక్షలు వేసుకున్నా 1.3 కోట్లు అవుతుంది. టెస్టింగ్, అనువాదాలు, పోర్టింగ్, ఆలస్యానికి మరో 20 శాతం కలిపితే కోటిన్నర దాటుతుంది. డాలరు 85 రూపాయలనుకుంటే దాదాపు 1,80,000 డాలర్లు. అదే చెప్పండి, నెలవారీ పట్టికతో చెప్పండి.

రెండో తప్పు, కన్సోల్ సర్టిఫికేషన్ (విడుదలకు ముందు కంపెనీ చేసే తనిఖీ) తెలియనట్టు మాట్లాడటం. మూడు కంపెనీలకూ వేర్వేరు నియమాల జాబితాలున్నాయి. నాకు తెలిసిన ఒక గేమ్ మొదటిసారి ఫెయిలైంది క్రాష్ అయి కాదు. ఆట మధ్యలో ప్రొఫైల్ మారిస్తే, పాత ఆటగాడి సేవ్ ఫైల్ మీద కొత్తవాడి ఆట రాసేసింది. పీసీలో అలాంటి పరిస్థితే రాదు కాబట్టి ఎవరికీ తట్టలేదు. పిచ్‌లో "సర్టిఫికేషన్‌కి ఆరు వారాలు, రెండు విడతలు" అని ఒక్క వరుస ఉంటే చాలు, ఈ జట్టుకి పని తెలుసని అర్థమవుతుంది.

ఎవరికి ఏది

జీతాలకు డబ్బు లేక, ఇదివరకు ఏ గేమూ విడుదల చేయని జట్టు అయితే: ఇండియా హీరో లాంటి పథకానికి దరఖాస్తు పెట్టి, జవాబు కోసం కూర్చోకుండా పబ్లిషర్లను కలవండి. సగం గేమ్ పూర్తై, ఏడాది నెట్టుకురాగలిగితే పీసీ పేజీ తెరిచి విష్‌లిస్టులు పోగేయండి, ప్లాట్‌ఫామ్‌ను డెవ్‌కిట్లు, షోకేస్ చోటు మాత్రమే అడగండి. గేమ్ దాదాపు అయిపోయి, ప్రత్యేక హక్కుల మాట వస్తే మాత్రం కాగితం తీసి లెక్క వేయండి.

లెక్క ఇలా. గేమ్ ధర 15 డాలర్లు. స్టోర్ వాటా, పన్నులు, డిస్కౌంట్లు, వెనక్కిచ్చినవి పోగా మీకు మిగిలేది సుమారు 7 అనుకోండి. 1,80,000 రాబట్టుకోవాలంటే దాదాపు 26,000 కాపీలు. ఆరు నెలలు ఒకే కన్సోల్‌లో ఉంటే మిగతా రెండింట్లో 10,000 కాపీలు పోతాయనుకుంటే, ఆ ఆరు నెలల కనీస ఖరీదు 70,000 డాలర్లు. అంతకు తక్కువిస్తే నష్టం మీదే. ఎంత చెప్పినా చేతికొచ్చేదే లెక్క. అమెరికా కంపెనీ నుంచి రాయల్టీ వస్తే డబ్ల్యూ-8బెన్-ఇ అనే అమెరికా పన్ను ఫారం ఇవ్వకపోతే 30 శాతం అక్కడే కోసేస్తారు. ఇస్తే రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం సాధారణంగా 15. చార్టర్డ్ అకౌంటెంట్‌ను సంతకానికి ముందే కలవండి, తర్వాత కాదు.

మావాడు ఏడో స్లయిడ్ మార్చాడు. "మొదటి ఆరు నెలలు ఒకే కన్సోల్, తర్వాత మిగతావి" అని రాసి, ఎనిమిదో స్లయిడ్‌లో రెండు డెవ్‌కిట్లు, షోకేస్‌లో చోటు, 70,000 అని మూడు వరుసలు పెట్టాడు. ఈసారి మాట ముందుకు సాగింది. "ఆరు నెలలేనా, పన్నెండు కుదరదా?" అని అడిగారు. చివరికి చెప్పిన అంకె మా లెక్కలో సగానికి కూడా రాలేదు. ప్రత్యేక హక్కులు ఇవ్వనని చెప్పి, డెవ్‌కిట్లు మాత్రం తీసుకుని వచ్చేశాడు.